సర్వ చల్లారేదాకా

ఆయమ్మ పోయిందన్న సంగతి నాకు ఒక ఆదివారం పొద్దున్న, మా ప్లేస్కూల్ తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో తెలిసింది. డైరెక్టర్ సారు రెండు లైన్లు పెట్టారు. మన దగ్గర చాలాకాలం పనిచేసిన ఆయమ్మ నిన్న సాయంత్రం కన్నుమూశారు, ఆమె ఆత్మకు శాంతి కలగాలి అని. దాని కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చాయి. వాటి మధ్యలో ఒకావిడ అడిగింది: "ఆ రోజు పాప చెయ్యి కాల్చిన ఆయమ్మేనా?" ఇంకొకరెవరో "అవును, ఆమే. పాపం" అని జవాబిచ్చారు.

స్టవ్ మీద పాలు పెట్టి ఫోన్ చూస్తున్నాను. పాలు పొంగి గట్టంతా పారినా కదల్లేకపోయాను. ఎన్ని వందల ముక్కులు తుడిచిందో, ఎన్ని బూట్ల లేసులు కట్టిందో ఆ మనిషి. ఆఖరికి చెయ్యి కాల్చిన ఆయమ్మగా మిగిలింది. ఆ చెయ్యి కాల్చింది ఆమె కాదు, నేను. ముందుగా ఆ మాట చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఆమె గురించి చెప్పాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి, అవి తర్వాత.

మా స్కూల్ తెల్లాపూర్‌లో ఒక గేటెడ్ కమ్యూనిటీలో, ఒక టవర్ కింది అంతస్తులో ఉంటుంది. సగంమంది పిల్లలు లిఫ్టు దిగి వస్తారు, మిగతా సగం పక్క కమ్యూనిటీల నుంచి వ్యాన్‌లో వస్తారు. ఆయమ్మ హఫీజ్‌పేట్ నుంచి రెండు షేర్ ఆటోలు మారి, మా అందరికన్నా ముందు వచ్చేది. జహీరాబాద్ అవతల ఏదో పల్లె వాళ్ళది. భర్తతో కలిసి కట్టడాల పనికి వచ్చి, ఈ టవర్లకే ఇసుక తట్టలు మోసింది. "ఆయమ్మా, మీ ఇల్లు ఏ ఫ్లోర్?" అని పిల్లలు అడిగితే, "తొమ్మిది దాక అన్నీ ఎక్కిన బిడ్డా. ఆడికెళ్లి పైకి తట్టలు మోసే మిషను వెట్టిండ్రు" అనేది. తొమ్మిదో అంతస్తు పిల్లలు దానికి తెగ గర్వపడేవాళ్ళు.

మాది బాపట్ల వైపు. నేను మాటకు ముందొక అండీ, వెనకొక అండీ తగిలించే రకం. ఆయమ్మకు మాత్రం అందరూ నువ్వే. టీచర్లను మేడం అనాలి, మీరు అనాలి అని డైరెక్టర్ సారు ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. "సరే సారూ" అని బుద్ధిగా తలూపి, గది దాటగానే "టీచరమ్మా, చాయ్ తాగినవా నువ్వు?" అనేది. మొదట్లో నాకు చిర్రెత్తుకొచ్చేది. కొన్నాళ్ళకు అలవాటైపోయి, ఎవరైనా నన్ను మేడం అంటే వెనక్కి తిరిగి చూసుకునేదాన్ని.

వారానికో రోజు మాకు వంట పీరియడ్ ఉండేది. నాలుగేళ్ళ పిల్లలకు లెక్కలు, వేళ్ళ పట్టు, మాటలు, ఓపిక అన్నీ వంటలో వస్తాయని ట్రైనింగ్‌లో నాకు బాగానే నేర్పారు. మేము చేయించే వంట మాత్రం ఏమిటంటే, బ్రెడ్ ముక్క మీద జామ్ రాయించి, దాని మీద ఒక చెర్రీ పెట్టించి, ఫోటో తీసి గ్రూపులో పెట్టడం. ఆయమ్మ గుమ్మంలో నిలబడి నాలుగు వారాలు చూసింది. అయిదో వారం అడిగేసింది.

"ఇదేం వంట టీచరమ్మా? కొన్నదాని మీద ఇంకొకటి కొన్నది వెట్టుడా?"

నాకు కోపమూ ఎక్కువే, తొందరా ఎక్కువే. "అయితే మీరు చేయించండి చూద్దాం" అన్నాను.

"చేపిస్త. నాకేం భయమా?"

మరుసటి వారం మూడు సర్వలు పాత చీరముక్కలో మూటగట్టి తెచ్చింది. సర్వ అంటే గుండ్రటి అడుగున్న లోతు గిన్నె. బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, నువ్వులు, పల్లీలు, ఉల్లిగడ్డ ముక్కలు వేసి కలిపి, ఆ ముద్దను గిన్నె లోపల పల్చగా ఒత్తాలి. వేలితో చిల్లులు పెట్టి, చిల్లుల్లో నూనె వేసి, మూతపెట్టి సన్నమంట మీద కాల్చాలి. అదే సర్వపిండి. ఒత్తేటప్పుడు గిన్నె చల్లగా ఉంటుంది, పొయ్యి దాకా వెళ్ళేది ఆయమ్మ ఒక్కతే. అంటే నాలుగేళ్ళ పిల్లలు నిప్పు జోలికి పోకుండా వంటంతా తమ చేతులతో చేసెయ్యొచ్చు. ట్రైనింగ్ తీసుకున్న నాకు తట్టనిది ఆవిడకు తట్టింది.

ముందు చేతులు కడిగించేది. ఒక్కొక్కరి అరచెయ్యి పట్టుకుని వాసన చూసేది. సబ్బు వాసన రాకపోతే "ఉత్త నీళ్ళే! మల్ల పో" అని వెనక్కి పంపేది. పిల్లలు కూడా ఒకరి చేతులు ఒకరు వాసన చూసుకోవడం మొదలుపెట్టారు. ఐదుగురికి ఒక సర్వ. ఒక్కొక్కరు ఐదేసి చిల్లులు పెట్టాలి, వేలికొకటి చొప్పున. ఒక బాబుకు ఐదు దగ్గర ఆగడం చేతకాలేదు. పొడుస్తూనే ఉన్నాడు, పిండి కాస్తా జల్లెడైపోయింది. సర్దుదామని నేను చెయ్యి పెట్టబోయాను.

"టీచరమ్మా! పిల్లల చేతులకెళ్లి పిండి గుంజుకోకు. ఒక్కపారి గుంజుకున్నవంటే మల్ల ముట్టరు."

"ముక్కలు ముక్కలుగా వస్తుంది కదండీ ఆయమ్మా!"

"అయితేంది? ముక్కలే తిందం."

ముక్కలే తిన్నారు. ఆ బాబు వాళ్ళమ్మ మర్నాడు నన్ను ఆపి, ఫోన్ చూపిస్తే గాని నోరు తెరవని పిల్లాడు రాత్రి తనంతట తనే గిన్నె ముందేసుకుని కూర్చున్నాడనీ, సర్వపిండి ఎలా చేస్తారో చెప్పమనీ అడిగింది. నాకూ రాదని చెప్పడానికి మొహం చెల్లక, పంపిస్తానన్నాను. ఆ సాయంత్రం ఆయమ్మ చెబుతుంటే రాసుకున్నాను. కొలతలు అడిగితే, "పిల్లల పిడికిట్ల పట్టినంత" అంది. ఎన్ని పిడికిళ్ళంటే, "ఎందరు పిల్లలుంటే అన్ని" అంది. అదే రాసి పంపాను.

క్లాసులో ఇరవైమంది, ఉన్న సర్వలు మూడు. నాలుగో జట్టుకు మొదటి సర్వనే మళ్ళీ వాడాలి, వాడాలంటే అది చల్లారాలి. దాని మీద నీళ్ళు పోసి తొందరగా చల్లార్చడం ఆమెకు ఇష్టం లేదు. తడిగుడ్డ మీద బోర్లించి ఊరికే కూర్చునేది. నేను గడియారం చూసేదాన్ని. వ్యాన్ టైమవుతోంది, ఇంకా రైమ్స్ పీరియడ్ ఉంది. "ఉరుకుడెందుకు టీచరమ్మా? ఇదొక్కటన్న జర నిమ్మళంగ కానియ్యరాదు" అనేది.

చల్లారిందని ఆమె చేత్తో చూసేది కాదు. తట్టలు మోసి మోసి అరచేతులు మొద్దుబారిపోయాయట, వాటికి వేడి తెలియదట. సర్వ అడుగును తన బుగ్గకు ఆనించుకునేది. తర్వాత జట్టులో ఐదుగురి బుగ్గలకూ వరసగా ఆనించేది. "సల్లగున్నదా?" అని అడిగేది. ఇంట్లో ఇంగ్లిష్ తప్ప మాట్లాడని పిల్లలు కూడా "సల్లగున్నదీ!" అని అరిచేవాళ్ళు. ఐదుగురూ అన్నాకే పిండి బయటికి వచ్చేది. నాలుగో జట్టులో ఉండటానికి పిల్లలు పోట్లాడుకునేవాళ్ళు, బుగ్గ పెట్టడం ఆ జట్టుకొక్కదానికే కాబట్టి.

ఇక ఆ రోజు సంగతి చెప్పాలి.

కొత్తగా పిల్లల్ని చేర్పించాలనుకున్న తల్లిదండ్రులు స్కూల్ చూడటానికి వచ్చారు. డైరెక్టర్ సారు వాళ్ళను మా క్లాసుకు తీసుకొస్తున్నారని కబురు వచ్చింది. మూడు జట్లు అయిపోయాయి. నాలుగో జట్టు ఏప్రాన్లు కట్టుకుని కూర్చుంది. మొదటి సర్వ తడిగుడ్డ మీద బోర్లా ఉంది. సరిగ్గా అప్పుడే ఒక పాప బాత్‌రూమ్ అంటే ఆయమ్మ తీసుకెళ్ళింది. వెళుతూ "నేనొచ్చేదాక ఆగు టీచరమ్మా" అంది. అంత స్పష్టంగా చెప్పి వెళ్ళింది.

కారిడార్‌లో మాటలు వినిపించాయి. వచ్చినవాళ్ళకు పిల్లలు ఖాళీగా కూర్చుని కనిపించకూడదనుకున్నాను. సర్వ అంచు పట్టుకుని చూశాను, చల్లగానే ఉంది. తిప్పి బల్ల మీద పెట్టి పిండి ముద్ద అందించాను. మొదటి పాప నా వైపు చూసి, "మిస్, బుగ్గ పెట్టలేదు" అంది.

"ఈసారి అక్కర్లేదమ్మా, కానీ, తొందరగా" అన్నాను.

అంచు చల్లగా ఉన్నా అడుగు ఇంకా కాలుతూనే ఉంది. ఆ పాప నాలుగు వేళ్ళూ కలిపి గట్టిగా ఒత్తింది.

ఆ కేకకు ముందుగా పరిగెత్తుకొచ్చింది ఆయమ్మే. పాపను ఎత్తుకుని కుళాయి కింద చెయ్యి పెట్టి, డాక్టర్ దగ్గరికి బయల్దేరేదాకా దించలేదు. రెండు వేళ్ళ కొసలు పొక్కాయి. వారంలో మానిపోయింది, మచ్చ కూడా మిగల్లేదు. కాని మధ్యాహ్నానికే గ్రూపులో ఆ వేళ్ళ ఫోటో వచ్చింది, దాని కింద యాభై ప్రశ్నలు వచ్చాయి. సాయంత్రం సారు మా ఇద్దర్నీ గదిలోకి పిలిచారు. నన్ను అడగలేదు. నేను టీచర్ని, చదువుకున్నదాన్ని, అలాంటి పని చెయ్యనని ఆయన నమ్మకం. ఆయమ్మ వైపు తిరిగి, "వేడి గిన్నె పిల్లల ముందు పెడతారా ఎవరైనా?" అని అడిగారు.

ఆయమ్మ నా వైపు చూసింది. కోపంగా చూడలేదు, బతిమాలుతున్నట్టూ చూడలేదు. నేను చెప్తాననుకుని చూసింది. నేను ఒళ్ళో ఉన్న అటెండెన్స్ రిజిస్టర్ వైపు చూశాను. ఆమె ఎంతసేపు ఆగిందో నాకు తెలియదు, మామూలుగా సర్వ కోసం ఆగేంతసేపు ఆగి ఉంటుంది. తర్వాత అంది, "తప్పయింది సారూ."

వంట పీరియడ్ తీసేశారు. ఆయమ్మను క్లాసుల్లోంచి వ్యాన్ డ్యూటీకి మార్చారు. మూడు సర్వలూ అదే చీరముక్కలో మూటగట్టి ఇంటికి తీసుకెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున నేను కనిపించగానే, "గుడ్ మార్నింగ్ మేడం. సారు మిమ్మల్ని పిలిచిండ్రు" అంది.

అన్నేళ్ళు సారు చెప్పినా రాని మాట ఆ ఒక్క రోజుతో వచ్చేసింది. ఆయమ్మ తర్వాత ఎప్పుడూ నన్ను ఒక్క మాట అనలేదు. నవ్వింది, పలకరించింది, నాకు జ్వరమొస్తే ఇంటి నుంచి మిరియాల చారు తెచ్చిపెట్టింది. "వేడి మీదనే తాగుండ్రి మేడం" అంది. ఆ చారు తాగుతూ ఏడ్చాను. అప్పుడైనా లేచి వెళ్ళి సారుకు చెప్పొచ్చు కదా అని మీరంటారు. చెప్పొచ్చు. చెప్పలేదు. ఇవాళ కాదు రేపనుకున్నాను. ప్రతిదానికీ ఉరుకులు పరుగులు పెట్టేదాన్ని, ఆ ఒక్క విషయంలో మాత్రం ఎక్కడలేని నిదానం వచ్చింది నాకు.

ఒకసారి గేటు దగ్గర ఆమె ఒక్కతే వ్యాన్ కోసం నిలబడి ఉంది. దగ్గరికి వెళ్ళి, "ఆయమ్మా, ఆ రోజు..." అన్నాను.

"నాకెందుకు చెప్తరు మేడం? నాకెరికే గద" అంది. అంతలో వ్యాన్ వచ్చింది. పిల్లల్ని ఒక్కొక్కర్నే చంకల కింద పట్టుకుని దించడం మొదలుపెట్టింది. చెప్పాల్సింది ఆమెకు కాదు, మిగతావాళ్ళకు. అది నాకు తెలియదని కాదు.

కిందటేడు ఆమెకు షుగర్ ముదిరి కాలికి పుండు పడింది. నిలబడలేక పని మానేసింది. చూడటానికి వస్తానని చెప్పాను. హఫీజ్‌పేట్ మా ఇంటి నుంచి ఎంత దూరమని! వెళ్ళలేదు. వెళితే "రండి మేడం" అంటుందని వెళ్ళలేదు.

ఆ ఆదివారం గ్యాస్ గట్టు మీద పాలు తుడిచాక గ్రూపులో రాశాను. మూడుసార్లు టైపు చేసి చెరిపేశాను. నాలుగోసారి పంపాను: ఆ రోజు వేడి సర్వ పాప ముందు పెట్టింది నేను, ఆయమ్మ ఆగమని చెప్పి వెళ్ళింది, ఇన్నాళ్ళూ నేను నోరు విప్పలేదు, నన్ను క్షమించండి. తర్వాత ఒకరిద్దరు మళ్ళీ అవే చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. సారు ఫోన్ చేసి, "ఇప్పుడు ఇదంతా గ్రూపులో అవసరమా మేడం?" అన్నారు. అవసరమేనండి అన్నాను. సోమవారం మాట్లాడదామన్నారు. మాట్లాడేది నా ఉద్యోగం గురించేనని నాకు తెలుసు. దానికి సిద్ధపడే ఆ మెసేజ్ పంపాను.

పదకొండో రోజు ఆయమ్మ దినాలకు వెళ్ళాను. సందు చివర రెండు గదుల ఇల్లు. ఫ్రేమ్ కట్టించిన ఫోటో మా స్కూల్ ఐడీ కార్డులోదే, పెద్దది చేయించారు. మెడలో పాత కార్డు తాడు కూడా అలాగే కనిపిస్తోంది. ఆమె కూతురు మా స్కూల్ ఉన్న కమ్యూనిటీలోనే హౌస్‌కీపింగ్‌లో పనిచేస్తుంది, కారిడార్లలో ఎన్నోసార్లు ఎదురుపడ్డాం. ఫోటో ముందు పెట్టడానికి వాళ్ళమ్మకు ఇష్టమైనవన్నీ చేస్తోంది. వెనక వాకిట్లో కట్టెల పొయ్యి మీద సర్వపిండి కాలుతోంది.

నేను నిలబడే చెప్పేశాను. "ఆ రోజు తప్పు మీ అమ్మది కాదమ్మా. నాది."

ఆమె పొయ్యిలో కట్టె వెనక్కి లాగి నా వైపు చూసింది. అచ్చం వాళ్ళమ్మ చూపే.

"మాకెరికే మేడం. అమ్మ ఆ పొద్దే చెప్పింది." సర్వ మీద మూత సర్ది మళ్ళీ అంది. "మా టీచరమ్మ చెప్తది, జర టైం వడ్తది, చెప్తది అనుకుంట ఉంటుండె. మంచంల వడ్డంక గూడ అడిగింది, స్కూల్ల ఎవలన్న ఏమన్న అన్నరా అని."

నా ముందు మేడం అన్న మనిషి, ఇంట్లో చివరిదాకా టీచరమ్మ అనే అన్నది. అది విని సంతోషపడే అర్హత కూడా నాకు లేకపోయింది. కూతురు చీర కొంగుతో కళ్ళు తుడుచుకుని, "కూసోండ్రి మేడం. తినే పోవాలె" అని లోపలికి వెళ్ళింది.

వాకిట్లో తడిగుడ్డ మీద ఒక సర్వ బోర్లించి ఉంది. దాని పక్కన ఆయమ్మ మనవరాలు, నాలుగేళ్ళుంటాయేమో, పిండి ముద్ద ఒళ్ళో పెట్టుకుని కాపలా కూర్చుంది. నేను ఆ పిల్ల పక్కన నేల మీద కూర్చున్నాను. కాసేపటికి ఆ పిల్ల రెండు చేతులతో సర్వ ఎత్తి నా ముందు పట్టింది. వంగి దాని అడుగుకు బుగ్గ ఆనించాను.

"సల్లగున్నదా?" అని అడిగింది.

సర్వ ఎప్పుడో చల్లారిపోయింది. బుగ్గ తియ్యకుండానే, "ఇంకా చల్లారలేదమ్మా, కాసేపు ఆగుదాం" అన్నాను.

ఆ పిల్ల సరేనని, పిండి ముద్ద మీద చెయ్యి వేసుకుని ఆగింది.